విడాకుల కోర్టు నుంచి అప్పీలు కోర్టుకు: ఎలిజబెత్ బట్లర్-స్లాస్ నడిచిన దారి

క్లుప్తంగా

ఇంగ్లండ్ అప్పీలు కోర్టులో న్యాయమూర్తి అయిన మొదటి మహిళ కుటుంబ చట్టం నుంచి వచ్చారు. ఇది యాదృచ్ఛికం కాదు. మహిళా న్యాయవాదులను విడాకుల కేసుల వైపే నెట్టిన వృత్తి కట్టుబాట్లు, అదే కాలంలో కుటుంబ కోర్టుల పనికి పెరిగిన ప్రాముఖ్యం, పరిచయాల మీద నడిచిన జడ్జీల ఎంపిక, ఈ మూడూ కలిసి ఆ దారిని వేశాయి. పదవీ విరమణ తర్వాత రెండు సందర్భాల్లో ఆమెకు అడ్డుపడినవి కూడా ఆ దారి ఇచ్చిన అలవాట్లు, బంధుత్వాలే.

1988లో ఎలిజబెత్ బట్లర్-స్లాస్ ఇంగ్లండ్, వేల్స్ అప్పీలు కోర్టుకు నియమితులైనప్పుడు ఆమెను ఏమని సంబోధించాలన్న ప్రశ్నకు చట్టంలో ఒక్క జవాబే ఉంది. ఆ కోర్టు న్యాయమూర్తులను ‘లార్డ్ జస్టిస్’ అనాలని 1981 నాటి చట్టం నిర్దేశించింది. ఆ కుర్చీలో ఎప్పటికైనా ఒక స్త్రీ కూర్చోవచ్చన్న ఆలోచన ఆ పదాన్ని ఎంచుకున్నవారికి రాలేదని అర్థమవుతూనే ఉంది. దాంతో ఆమె కొన్నేళ్లపాటు తీర్పుల ప్రతుల్లోనూ కోర్టు గదిలోనూ ‘లార్డ్ జస్టిస్ బట్లర్-స్లాస్’గానే ఉండిపోయారు. వాడుకలో ‘లేడీ జస్టిస్’ అనవచ్చని 1994లో అనుమతి వచ్చింది. చట్టంలోని మాట మారడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ సంగతిని మహిళల ప్రగతికి ఉదాహరణగా తరచూ చెబుతారు. దానితో పాటు చూడవలసిన విషయం మరొకటి ఉంది. ఆమె వాణిజ్య వివాదాల నుంచో, రాజ్యాంగ కేసుల నుంచో, పేరుమోసిన హత్య కేసుల నుంచో రాలేదు. విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ వంటి కేసుల నుంచి వచ్చారు. ఇంగ్లిష్ న్యాయవాద వృత్తిలో ఆ పనికి చాలాకాలం చివరి వరసలోనే చోటు. అలాంటి చోటు నుంచి ఒకరు అంత ఎత్తుకు ఎలా చేరారో తెలియాలంటే ఆమె ప్రతిభతో పాటు ఆ వ్యవస్థ నడిచే తీరునూ చూడాలి.

బారిస్టరుకూ జడ్జికీ మధ్య దూరం

బారిస్టరు అనే మాట తెలుగువారికి కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం లండన్ వెళ్లి బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేసిన కాలం నుంచీ అది మన నోళ్లలో ఉంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం తర్వాత మన దేశంలో అందరూ అడ్వకేట్లే కావడంతో ఆ మాటకు ఇక్కడ పాత గౌరవం తప్ప వేరే అర్థం మిగల్లేదు. ఇంగ్లండులో మాత్రం ఆ విభజన ఇప్పటికీ ఉంది. కక్షిదారుతో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసే పని ప్రధానంగా సొలిసిటరుది. పై కోర్టులో నిలబడి వాదించే పని ప్రధానంగా బారిస్టరుది. లండన్‌లోని నాలుగు పురాతన ‘ఇన్’లలో (బారిస్టర్ల సంఘాల్లో) ఏదో ఒకటి చేర్చుకుంటేనే బారిస్టరు కావడం సాధ్యం.

బారిస్టర్లు ఎవరి సంపాదన వారిదిగా ఉంటూనే కొందరు కలిసి ఒకే ఛాంబరును నడుపుకుంటారు. ఆ ఛాంబరుకు వచ్చిన కేసులు ఎవరికి వెళ్లాలన్నది చాలావరకు అక్కడి గుమాస్తా చేతిలో ఉండేది. మన జిల్లా కోర్టుల్లో ప్లీడరు గుమాస్తా పలుకుబడి ఎరిగినవారికి ఇది కొంత ఊహకు అందుతుంది. లండన్ గుమాస్తా అధికారం అంతకంటే ఎక్కువ. కొత్తగా చేరినవారి వృత్తి ఏ దారి పట్టాలో తొలి ఏళ్లలో ఆయన పంచే కేసులే నిర్ణయించేవి.

జడ్జీల ఎంపిక కూడా దాదాపు ఇదే తీరులో, మనిషిని ఎరిగి ఉండడం మీద నడిచింది. చాలాకాలం హైకోర్టు జడ్జి పదవికి దరఖాస్తు అనేదే లేదు. న్యాయ వ్యవహారాలు చూసే మంత్రి అయిన లార్డ్ ఛాన్సలర్ కార్యాలయం సీనియర్ న్యాయమూర్తులను, న్యాయవాదులను రహస్యంగా వాకబు చేసి పేర్లు ఎంచేది. హైకోర్టు ఖాళీలకు ప్రకటన ఇవ్వడం 1998లో మొదలైంది. స్వతంత్ర నియామకాల కమిషన్ 2006లో పని ప్రారంభించింది. బట్లర్-స్లాస్ నియామకాలన్నీ పాత పద్ధతి కాలానివే.

ఆ పద్ధతిలో కుటుంబ నేపథ్యం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి లెక్కలు అక్కరలేదు. బట్లర్-స్లాస్ 1933లో పుట్టారు. ఆమె తండ్రి సర్ సెసిల్ హేవర్స్ హైకోర్టు న్యాయమూర్తి. బ్రిటన్‌లో ఉరిశిక్ష అమలైన చివరి మహిళ రూత్ ఎల్లిస్ కేసు 1955లో ఆయన ఎదుటే నడిచింది. అన్న మైకేల్ హేవర్స్ 1979 నుంచి 1987 వరకు అటార్నీ జనరల్‌గా, ఆ తర్వాత కొన్ని నెలలు లార్డ్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1955లో ఆమె ఇన్నర్ టెంపుల్ అనే ఇన్ ద్వారా బారిస్టరయ్యారు. విశ్వవిద్యాలయ పట్టా లేదు; ఆనాడు బారిస్టరు కావడానికి అది తప్పనిసరి కాదు. ఆమెను అక్కడి దాకా తెచ్చింది బంధుత్వమే అనడం అన్యాయం. ఆమె తీర్పులు చదివినవారెవరూ అలా అనలేరు. అయితే ఎంపిక చేసేవారికి తెలిసిన ఇంటి నుంచి రావడం వల్ల, అదే ప్రతిభ ఉండి ఆ ఇల్లు లేని మరో స్త్రీకి దొరకని వెసులుబాటు ఆమెకు దొరికిందన్నది కాదనలేని విషయం.

వీలునామాలు, భార్యలు, ఓడలు

1857 వరకు ఇంగ్లండులో వివాహ వివాదాలు చర్చి కోర్టుల్లో తేలేవి. ఆ ఏడాది వచ్చిన చట్టంతో అవి ప్రభుత్వ న్యాయస్థానానికి మారాయి. 1870లలో హైకోర్టును పునర్నిర్మించినప్పుడు వీలునామాలను, విడాకులను, సముద్ర నౌకల వివాదాలను కలిపి ఒకే విభాగంలో పెట్టారు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి ఏ పొత్తూ లేదు. మూడూ రోమన్, చర్చి చట్టాల సంప్రదాయం నుంచి వచ్చినవి కావడమే వాటిని ఒక గూటికి చేర్చింది. న్యాయవాదులు ఆ విభాగాన్ని ‘వీలునామాలు, భార్యలు, ఓడలు’ అని పిలుచుకునేవారు. దాని స్థాయి ఎంతో ఆ పేరే చెబుతుంది.

ఈ స్థితిని మూడు మార్పులు కదిలించాయి. 1949 నాటి న్యాయ సహాయ చట్టం డబ్బు లేనివారికీ విడాకుల కోర్టు తలుపు తెరవడంతో ఆ రంగంలో న్యాయవాదులకు చేతినిండా పని దొరికింది. 1969లో ఆమోదం పొంది 1971 జనవరిలో అమల్లోకి వచ్చిన విడాకుల సంస్కరణ చట్టం, ‘తిరిగి అతకలేనంతగా వివాహం విరిగిపోవడం’ అనే ఒకే ఆధారాన్ని నిలిపింది. తప్పు ఎవరిదన్న పాత విచారణ పూర్తిగా పోలేదు; వ్యభిచారం, దుష్ప్రవర్తన వంటివి వివాహం విరిగిందనడానికి రుజువులుగా మిగిలాయి. అయినా ప్రభావం పెద్దది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1970లో సుమారు 58 వేలుగా ఉన్న విడాకులు 1972లో సుమారు 1 లక్షా 19 వేలకు చేరాయి. ఇక మూడోది, 1971 అక్టోబరులో పాత విభాగాన్ని విడదీసి, ఓడలను ఒకవైపు, వివాదాస్పద వీలునామాలను మరోవైపు పంపి, హైకోర్టులో ఫ్యామిలీ డివిజన్ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేయడం. బట్లర్-స్లాస్ వృత్తి జీవితం సరిగ్గా ఈ మూడు మార్పుల మీదుగా సాగింది.

తలుపూ అదే, గోడా అదే

మహిళలు న్యాయవాదులు కావడానికి 1919 నాటి చట్టం అనుమతిచ్చింది. 1922లో మొదటి మహిళా బారిస్టరు వచ్చారు. అనుమతి ఉండడం వేరు, ఛాంబరులో చోటు దొరకడం వేరు. 1950లలో మహిళలను చేర్చుకోని ఛాంబర్లు చాలా ఉండేవి. చేర్చుకున్నచోట వారికి ఎక్కువగా వచ్చేవి విడాకులు, పిల్లల కేసులు. భార్యాభర్తల గొడవలు స్త్రీకి బాగా అర్థమవుతాయన్న నమ్మకం దీనికి పైకి చెప్పే కారణం. పెద్ద ఫీజులున్న కేసులు వేరేవారికి పోవడం దాని ఫలితం.

ఈ విభజన జడ్జీల స్థాయిలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండు హైకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తి ఎలిజబెత్ లేన్ 1965లో వచ్చారు. ఆమెను వేసింది విడాకుల విభాగంలోనే. రెండో వ్యక్తి రోజ్ హైల్‌బ్రాన్ 1974లో నియమితులయ్యారు. ఆమె విషయం మరింత ఆలోచింపజేస్తుంది. హత్య కేసుల వాదనలో దేశమంతా పేరు తెచ్చుకున్న న్యాయవాది ఆమె. అయినా ఆమెకు ఇచ్చింది ఫ్యామిలీ డివిజనే. మూడో, నాలుగో వ్యక్తులైన మార్గరెట్ బూత్, బట్లర్-స్లాస్ 1979లో అదే విభాగానికి వచ్చారు. క్వీన్స్ బెంచ్ విభాగంలో ఒక మహిళ కూర్చోవడానికి 1992 వరకు, ఛాన్సరీ విభాగంలో కూర్చోవడానికి 1993 వరకు పట్టింది. అంటే హైకోర్టులోకి వెళ్లడానికి కుటుంబ చట్టం మహిళలకు తలుపైంది. లోపలికి వెళ్లాక పక్క గదిలోకి పోనివ్వని గోడా అదే అయింది.

ఇక్కడ మన దేశంతో ఒక పోలిక చూడాలి. కేరళ హైకోర్టులో అన్నా చాందీ 1959లోనే న్యాయమూర్తి అయ్యారు, అంటే ఇంగ్లండు కంటే ఆరేళ్ల ముందు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి 1978లో వచ్చారు. భారత హైకోర్టుల్లో ఇంగ్లండు తరహా శాశ్వత విభాగాలు లేవు. ఎవరికి ఏ రకం కేసులన్నది ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించే రోస్టరు చెబుతుంది, అది మారుతూ ఉంటుంది. అందువల్ల ఇక్కడ మహిళా జడ్జీలను ఒకే విభాగంలో కట్టిపడేసే యంత్రాంగం ఏర్పడలేదు. సంఖ్య తక్కువగా ఉండడం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

రిజిస్ట్రారు గదిలో తొమ్మిదేళ్లు

1970లో బట్లర్-స్లాస్ వాదనలు మాని కుటుంబ వ్యవహారాల ప్రధాన రిజిస్ట్రీలో రిజిస్ట్రారుగా చేరారు. మన వాడుకలో రిజిస్ట్రారు అంటే కార్యాలయ అధికారి. అక్కడ ఆ పదవి కింది స్థాయి న్యాయాధికారి వంటిది. భరణం ఎంత, ఇల్లు ఎవరికి, పొదుపు ఎలా పంచాలి అన్న ప్రశ్నలను మొదట తేల్చేది రిజిస్ట్రారే. విడాకుల సంఖ్య రెట్టింపైన కాలం అది. ఇంటి పనికి, పిల్లల పెంపకానికి వెచ్చించిన శ్రమను కూడా ఆస్తి పంపకంలో లెక్కించాలని 1970లలో వచ్చిన చట్టాలు మొదటిసారి చెప్పాయి. ఆ కొత్త సూత్రాలను రోజూ పదుల సంసారాల లెక్కలకు అన్వయించి చూడవలసిన బల్ల ఆమెది.

సాధారణంగా హైకోర్టుకు జడ్జీలను వాదనల్లో పేరు తెచ్చుకుని క్వీన్స్ కౌన్సెల్ హోదా పొందిన బారిస్టర్ల నుంచి ఎంచేవారు. రిజిస్ట్రారు గది నుంచి హైకోర్టు పీఠానికి వెళ్లడం అరుదు. ముగ్గురు పిల్లల తల్లి అయిన ఆమెకు ఆ పదవి నిర్ణీత పనివేళలనూ ఇచ్చింది. వృత్తిలో వెనక్కి తగ్గినట్టు కనిపించిన ఆ మలుపు నిజానికి వాదించే వ్యక్తిని తీర్పు చెప్పే వ్యక్తిగా మార్చింది. 1979లో హైకోర్టు పీఠం ఎక్కేనాటికి, తీర్పు చెప్పడంలో ఆమెకున్నంత అనుభవం నేరుగా వకీలు వృత్తి నుంచి వచ్చిన చాలామందికి ఉండేది కాదు.

క్లీవ్‌ల్యాండ్ విచారణ

ఆమె పేరు న్యాయవాదుల లోకం దాటి జనంలోకి వెళ్లింది 1987లో. ఈశాన్య ఇంగ్లండులోని క్లీవ్‌ల్యాండ్ ప్రాంతంలో, ముఖ్యంగా మిడిల్స్‌బరోలోని ఒక ఆసుపత్రిలో, కొద్ది నెలల్లోనే 121 మంది పిల్లలు లైంగిక దాడికి గురైనట్టు వైద్యులు నిర్ధారించారు. ఆ నిర్ధారణల్లో చాలావాటికి వివాదాస్పదమైన ఒక శారీరక పరీక్ష ముఖ్య ఆధారం. ఒక్క మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వుతో పిల్లలను 28 రోజుల దాకా తల్లిదండ్రుల నుంచి వేరు చేయడానికి అప్పటి చట్టం వీలిచ్చేది. పిల్లలు ఆసుపత్రి వార్డుల్లోనూ సంరక్షణ గృహాల్లోనూ నిండిపోయారు. వైద్యులు, పోలీసులు, సాంఘిక సంక్షేమ సిబ్బంది ఒకరి మాట ఒకరు నమ్మని స్థితి వచ్చింది. తల్లిదండ్రులు వీధికెక్కారు. కోర్టులు తర్వాత చాలామంది పిల్లలను ఇళ్లకు పంపాయి.

ప్రభుత్వం విచారణ బాధ్యతను బట్లర్-స్లాస్‌కు అప్పగించింది. 1988 జులైలో వెలువడిన నివేదిక ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టడంతో ఆగలేదు. లైంగిక హింస ఉందని గుర్తించడంలో వైద్యుల శ్రద్ధను తోసిపుచ్చకుండానే, ఒక్క శారీరక చిహ్నం మీద అంత నమ్మకం పెట్టుకోవడాన్ని తప్పుపట్టింది. సంస్థల మధ్య సమన్వయం లోపించడాన్ని వివరంగా చూపింది. పిల్లలను పదేపదే పరీక్షించడం, పదేపదే ప్రశ్నించడం కూడా వారికి హానే అని చెప్పింది. బిడ్డ ఒక మనిషే తప్ప పెద్దల ఆందోళనకు వస్తువు కాదన్న ఆ నివేదికలోని మాట కుటుంబ చట్టం చదివే ప్రతి విద్యార్థికీ కంఠస్థమైంది.

ఆ మాట వెనక చట్టపరమైన మార్పు ఉండబట్టే అది అంతకాలం నిలిచింది. 1989లో ఆమోదం పొంది 1991 అక్టోబరులో అమల్లోకి వచ్చిన బాలల చట్టం పాత 28 రోజుల ఉత్తర్వును తొలగించింది. దాని స్థానంలో ఎనిమిది రోజుల అత్యవసర రక్షణ ఉత్తర్వు వచ్చింది; దాన్ని మరో ఏడు రోజులు మాత్రమే పొడిగించవచ్చు. బిడ్డ మేలే కోర్టుకు అన్నిటికన్నా ముఖ్యమని మొదటి సెక్షనులోనే చెప్పారు. తల్లిదండ్రుల ‘హక్కుల’ స్థానంలో తల్లిదండ్రుల ‘బాధ్యత’ అన్న మాట వచ్చింది. ఈ చట్టానికి ముడిసరుకు రెండు వైపుల నుంచి అందింది. ఒకటి క్లీవ్‌ల్యాండ్ నివేదిక. రెండోది లా కమిషన్ చేసిన అధ్యయనం, అందులో కీలక వ్యక్తి తర్వాతి కాలంలో బ్రిటన్ సుప్రీంకోర్టు అధ్యక్షురాలైన బ్రెండా హేల్. ఒకరు కోర్టు గదిలో, మరొకరు అధ్యయన మందిరంలో చేసిన పని ఒకే చట్టంలో కలిసింది.

నివేదిక వచ్చిన 1988లోనే బట్లర్-స్లాస్ అప్పీలు కోర్టు జడ్జి అయ్యారు. ఆమె అన్న మైకేల్ హేవర్స్ అప్పటికే, 1987 అక్టోబరులో, లార్డ్ ఛాన్సలర్ పదవి వదిలేశారు; అంటే ఈ నియామకం ఆయన హయాంలోది కాదు. అప్పీలు కోర్టుకు రెండో మహిళగా బ్రెండా హేల్ రావడానికి పదకొండేళ్లు పట్టింది.

చావుబతుకుల ప్రశ్నలు కుటుంబ కోర్టుకు ఎందుకు వచ్చాయి

కుటుంబ చట్టం స్థాయి పెరగడానికి అసలు కారణం విడాకుల సంఖ్య కాదు. తనను తాను కాపాడుకోలేని వ్యక్తి తరఫున నిర్ణయం తీసుకునే అధికారం రాజుకు ఉందన్న పాత సూత్రం, కోర్టు సంరక్షణలోని పిల్లల కేసుల ద్వారా ఫ్యామిలీ డివిజన్‌కు దక్కింది. 1980ల చివర్లో వైద్యశాస్త్రం కొత్త ప్రశ్నలు తెచ్చినప్పుడు అవి ఈ తలుపునే తట్టాయి. స్పృహ లేని రోగికి గొట్టం ద్వారా ఆహారం ఆపవచ్చా? మానసిక వైకల్యం ఉన్న స్త్రీకి ఆమె సమ్మతి లేకుండా శస్త్రచికిత్స చేయవచ్చా? వీటికి వాణిజ్య కోర్టులో తావు లేదు, క్రిమినల్ కోర్టు నేరం జరిగాకే చూస్తుంది. ముందుగానే అనుమతి అడగగల చోటు ఒక్కటే మిగిలింది.

1989 నాటి హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటనలో శాశ్వతంగా స్పృహ కోల్పోయిన టోనీ బ్లాండ్ కేసు మొదట ఫ్యామిలీ డివిజన్ అధ్యక్షుడి ఎదుట నడిచింది. అప్పీలులో ముగ్గురు న్యాయమూర్తుల్లో బట్లర్-స్లాస్ ఒకరు. చికిత్స ఆపడం చట్టసమ్మతమేనన్న తీర్పును, అప్పట్లో దేశపు అత్యున్నత కోర్టుగా కూడా పనిచేసిన ప్రభువుల సభ 1993లో ఖాయం చేసింది. సూది అంటే తీవ్రమైన భయం వల్ల సిజేరియన్‌కు ఒప్పుకోని గర్భిణి కేసులో 1997లో ఇచ్చిన తీర్పు ఆమెదే. ఆలోచించి నిర్ణయించుకునే శక్తి ఉన్న స్త్రీ తనకు గానీ కడుపులోని బిడ్డకు గానీ ప్రాణహాని ఉన్నా చికిత్స నిరాకరించవచ్చన్న సూత్రాన్ని అది స్థిరపరిచింది. ఆ ప్రత్యేక కేసులో భయం ఆ శక్తిని కమ్మేసిందని తేల్చింది.

1999లో ఆమె ఫ్యామిలీ డివిజన్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. 2002లో వచ్చిన ‘మిస్ బి’ కేసులో మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయి వెంటిలేటరు మీద బతుకుతున్న ఒక మహిళ దాన్ని ఆపమని కోరింది. ఆసుపత్రి ఆపలేదు. ఆమెకు పూర్తి వివేచన ఉందని, ఆమె కాదన్నాక కొనసాగించిన చికిత్స చట్టవిరుద్ధమని బట్లర్-స్లాస్ తీర్పు చెప్పారు. నష్టపరిహారం నామమాత్రంగా 100 పౌండ్లు. తీవ్ర వైకల్యంతో ఉన్న మనిషి బతుకు ఇతరులకు ఎంత విలువైనదిగా కనిపించినా నిర్ణయం ఆ మనిషిదేనన్న ఆ తీర్పులోని వివేచన ఇప్పటికీ చదవదగినది.

ప్రతి మలుపులోనూ ఆమె చట్టాన్ని ముందుకు తోయలేదు. లింగమార్పిడి చేయించుకున్న ఒక మహిళ వివాహాన్ని 2001లో అప్పీలు కోర్టు గుర్తించలేదు. మెజారిటీ తీర్పులో బట్లర్-స్లాస్ ఉన్నారు. అది పార్లమెంటు తేల్చవలసిన విషయమని ఆ మెజారిటీ అభిప్రాయం. కుటుంబ చట్టంలోనే ఎదిగిన మరో న్యాయమూర్తి మాథ్యూ థార్ప్ విభేదించారు. 2003లో ప్రభువుల సభ అప్పటి చట్టం మానవ హక్కులకు విరుద్ధమని ప్రకటించింది. 2004లో కొత్త చట్టం వచ్చింది.

వైద్యుల సాక్ష్యం గురించి 2004లో ఆమె ఇచ్చిన మరో తీర్పును క్లీవ్‌ల్యాండ్‌తో కలిపి చదవాలి. శిశువుల మరణాల్లో నిపుణుల మాట మీద పడిన ఒక నేర నిర్ధారణను కోర్టు కొట్టేసిన తర్వాత, కుటుంబ కోర్టులు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. నేటి వైద్యపు నిశ్చయాన్ని రేపటి తరం నిపుణులు తోసిపుచ్చవచ్చని జడ్జి ఎన్నడూ మరవకూడదని ఆమె రాశారు. అయితే రుజువు స్థాయిని క్రిమినల్ కోర్టు స్థాయికి పెంచడానికి ఒప్పుకోలేదు. పొరపాటున బిడ్డను తల్లి నుంచి వేరు చేయడం, పొరపాటున బిడ్డను ప్రమాదంలో వదిలేయడం, రెండూ తప్పులే కాబట్టి ఒకదాన్ని మాత్రమే భయపడే ప్రమాణం కుదరదు. పదిహేడేళ్ల ముందు మిడిల్స్‌బరోలో మొదలైన ఆలోచన ఇక్కడ సూత్రమైంది.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు తగిలే తీర్పులు

2000లో గృహహింస ఉన్న ఇళ్లలో తండ్రికి పిల్లలను కలిసే అవకాశం ఇవ్వాలా అన్న నాలుగు అప్పీళ్లను ఆమె నేతృత్వంలోని ధర్మాసనం కలిపి విని కొట్టేసింది. హింస ఉంటే కలవనివ్వకూడదన్న ముందస్తు నియమాన్ని పెట్టలేదు. కానీ హింస ఆరోపణను ముందు విచారించి తేల్చాలని, బిడ్డ మీదా సంరక్షకురాలి మీదా దాని ప్రభావాన్ని చూడాలని స్పష్టం చేసింది. 2001లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక తల్లి విడిపోయాక బిడ్డతో స్వదేశం వెళ్లడానికి అనుమతి కోరిన కేసులో ఆమె, థార్ప్ ఇచ్చిన తీర్పులు పదేళ్లపాటు ఆ రకం కేసులన్నిటికీ మార్గదర్శకమయ్యాయి. బిడ్డను పెంచుతున్న తల్లి సహేతుకమైన ప్రణాళికను అడ్డుకుంటే ఆ దెబ్బ బిడ్డకూ తగులుతుందన్నది దాని సారం. 2011 తర్వాత కోర్టులు దాన్ని కొంత సడలించి, బిడ్డ మేలు ఒక్కటే సూత్రమని, మిగిలినవి సూచనలేనని చెప్పాయి.

బ్రిటన్‌లో స్థిరపడి విడిపోయిన తెలుగు దంపతులకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. పిల్లలను ఒక దేశం నుంచి మరో దేశానికి అనుమతి లేకుండా తీసుకెళ్లడం మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందాన్ని బ్రిటన్ 1985లో చట్టం చేసుకుంది. భారతదేశం అందులో చేరలేదు. కాబట్టి లండన్ కోర్టు అనుమతి లేకుండా బిడ్డతో హైదరాబాద్ వచ్చేసిన తల్లి లేదా తండ్రి విషయంలో ఒప్పందం ప్రకారం వెంటనే వెనక్కి పంపే ప్రక్రియ పనిచేయదు. ఇక్కడి కోర్టు బిడ్డ మేలును స్వతంత్రంగా పరిశీలిస్తుంది. విదేశీ కోర్టు ఉత్తర్వు అందులో ఒక అంశం మాత్రమేనని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. ఈ అనిశ్చితి తెలిసే ఇంగ్లండు జడ్జీలు భారత్ ప్రయాణానికి అనుమతి ఇచ్చేముందు హామీలు, పూచీలు అడుగుతుంటారు.

మన కుటుంబ న్యాయస్థానాల తీరు వేరు. 1984 నాటి చట్టం సెక్షన్ 13 ప్రకారం అక్కడ న్యాయవాదిని పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. రాజీకి ముందు చోటు ఇవ్వాలన్నది ఆ చట్టం ఉద్దేశం. జడ్జీల నియామకంలో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ అది చెబుతుంది. అయితే ఆ జడ్జీలు సాధారణంగా జిల్లా జడ్జీల శ్రేణి నుంచి బదిలీ మీద వచ్చి, బదిలీ మీదే వెళ్లిపోతారు. కుటుంబ చట్టంలోనే ముప్పై ఏళ్లు గడిపి, దాని ద్వారానే అత్యున్నత స్థాయికి చేరే నిచ్చెన ఈ ఏర్పాటులో లేదు. పాతికేళ్ల అనుభవం ఒకచోట పేరుకునే అవకాశాన్ని ఇది కోల్పోతున్నదన్న విమర్శలో బలం ఉంది.

ఇతరుల దారులు

ఇంగ్లండులోనూ ఆ నిచ్చెన ఎప్పుడూ గట్టిగా లేదు. బట్లర్-స్లాస్ 2005లో విరమించాక ఫ్యామిలీ డివిజన్ అధ్యక్షుడైన మార్క్ పాటర్ వాణిజ్య చట్టం నుంచి వచ్చినవారు. బ్రెండా హేల్ మాంచెస్టర్‌లో అధ్యాపకురాలిగా, తర్వాత లా కమిషన్ సభ్యురాలిగా పనిచేసి 1994లో హైకోర్టు ఫ్యామిలీ డివిజన్‌కు, 2017లో సుప్రీంకోర్టు అధ్యక్ష పదవికి చేరారు. కుటుంబ కేసుల బారిస్టరుగానే ఎదిగిన నికొలస్ విల్సన్ 2011లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఉత్తర ఐర్లండులో కుటుంబ చట్టం ప్రాక్టీసు చేసిన షివాన్ కీగన్ 2015లో హైకోర్టు జడ్జి అయ్యారు. 1971లో బెల్‌ఫాస్ట్‌లోని బాలీమర్ఫీలో కాల్పుల్లో మరణించిన పది మంది పూర్తిగా నిర్దోషులని 2021 మేలో ఆమె తేల్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ ప్రాంతపు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

వీరిలో ఎవరినీ వారు వచ్చిన రంగం ఆపలేదు. సాక్ష్యం అసంపూర్ణంగా ఉన్నా వాయిదా వేయలేని నిర్ణయాలు, రెండు పక్షాలూ నిజమే చెబుతున్నామని నమ్మే వివాదాలు, తీర్పు తర్వాత కూడా కలిసి బిడ్డను పెంచవలసిన శత్రువులు, ఇదంతా కుటుంబ జడ్జికి రోజూ ఉండే పని. అది ఏ ధర్మాసనానికైనా పనికివచ్చే శిక్షణ.

విరమణ తర్వాత రెండు వెనకడుగులు

అయితే ఆ శిక్షణకు హద్దులున్నాయి. బట్లర్-స్లాస్ 2006లో ప్రభువుల సభ సభ్యురాలయ్యారు. అదే ఏడాది యువరాణి డయానా మరణంపై విచారణ జరిపే కరోనరు (మరణానికి కారణం తేల్చే న్యాయాధికారి) బాధ్యత కూడా వచ్చింది. జ్యూరీ లేకుండా తానే విచారించాలని ఆమె నిర్ణయించారు. 2007 మార్చిలో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసి జ్యూరీ తప్పనిసరని చెప్పింది. ఆ మరుసటి నెలలోనే ఆమె తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. జ్యూరీతో పనిచేసిన అనుభవం తనకు లేదన్నది ఆమె చెప్పిన కారణం. ఫ్యామిలీ డివిజన్‌లో జ్యూరీలు ఉండవు. జడ్జి ఒంటరిగా విని, ఒంటరిగా తేలుస్తారు. ముప్పై ఐదేళ్లు ఆ పద్ధతిలో పనిచేసిన మనిషి తన అనుభవం ఎక్కడ ఆగుతుందో తానే గుర్తించి బాధ్యత వేరొకరికి అప్పగించడం గౌరవించదగిన పని. ఆమె స్థానంలో వచ్చిన న్యాయమూర్తి స్కాట్ బేకర్ ఆ విచారణను 2008 ఏప్రిల్‌లో ముగించారు.

రెండోది అంతకంటే లోతైనది. 2014 జులై 8న, సంస్థల్లో జరిగిన బాలల లైంగిక దోపిడీపై జాతీయ విచారణకు ఆమెను అధ్యక్షురాలిగా ప్రకటించారు. క్లీవ్‌ల్యాండ్ అనుభవం చూస్తే అంతకంటే తగిన పేరు దొరకదనిపిస్తుంది. కానీ 1980లలో ప్రభుత్వ వ్యవస్థ ఇలాంటి ఫిర్యాదులను ఎలా చూసిందన్నది ఆ విచారణలో ముఖ్య ప్రశ్న, ఆ కాలంలో అటార్నీ జనరల్ ఆమె అన్న. బాధితుల పక్షాన నిలిచినవారు అభ్యంతరం చెప్పారు. ఆమె నిజాయితీని శంకించడం వారి ఉద్దేశం కాదు. తన సొంత అన్న నిర్ణయాలను తూచే స్థితిలో ఎవరినీ పెట్టకూడదన్నదే వారి వాదన. జులై 14న ఆమె తప్పుకున్నారు.

ఆ తర్వాత నియమితులైన ఫియోనా వుల్ఫ్ కూడా, 1980లలో హోం మంత్రిగా ఉన్న వ్యక్తితో పరిచయం వల్ల అదే ఏడాది అక్టోబరులో వైదొలిగారు. దేశంలో అందరికీ అందరూ తెలిసిన ఒక చిన్న వలయం నుంచే పెద్ద పదవులకు మనుషులను ఎంచే పద్ధతికి ఎదురైన చిక్కు ఇది. ఆ వలయంలో ఉండడమే 1979లో, 1988లో ఒక అర్హతగా పనికొచ్చింది. 2014 నాటికి అదే అనర్హత అయింది. దాంతో ప్రభుత్వం వలయం బయటికి చూసింది. న్యూజిలాండ్ నుంచి న్యాయమూర్తి లోవెల్ గొడార్డ్‌ను పిలిపించింది. ఆమె 2016 ఆగస్టులో రాజీనామా చేశారు. చివరికి ఆ బాధ్యత న్యాయమూర్తి కాని, సాంఘిక సంక్షేమ రంగం నుంచి వచ్చిన అలెక్సిస్ జే చేతికి వెళ్లింది. తుది నివేదిక 2022 అక్టోబరులో వెలువడింది.